గుడ్డ కింద చెప్పిన మజూరీ

మొన్న మనవరాలితో కలిసి రాయదుర్గం నుంచి బస్సులో వస్తున్నాను. ఆ పిల్ల అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పని చేస్తుంది. కళ్యాణదుర్గం దాటామో లేదో, పక్క సీట్లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ఒకావిడ, ఊరూ పేరూ తెలియని మనిషి, మా పిల్లను నెలకెంత వస్తుందని అడిగింది. ఇదేమో గాజులెక్కడ కొన్నావని అడిగినంత తేలిగ్గా, జీతం ఇంత, ఓటీ చేస్తే ఇంత, పీఎఫ్‌కు ఇంత కోసుకుంటారని బస్సంతా వినేలా చెప్పేసింది. వెనక సీటు నుంచి ఇంకొకామె తల దూర్చి, మా యూనిట్లో ఇంతకంటే ఎక్కువే ఇస్తారు, మీ ఓనరు మీకు బాగా టోపీ పెడుతున్నాడని నవ్వింది. నేను ఆగలేక దీని తొడ మీద గిల్లాను.

"ఏమవ్వా గిల్లుతావు? జీతమే కదా, దొంగసొమ్మా?" అనింది.

అనంతపురంలో బస్సు దిగి ధర్మవరం బస్సెక్కి, ఇల్లు చేరి అన్నం తిన్నా నాకు అదురు తగ్గలేదు. నా వయసు వాళ్ళకు చెప్పనక్కర లేదు, మన కాలంలో ఎవరినైనా ఏమైనా అడగవచ్చు, ఈ పొద్దు ఏం కూర, కోడలికి ఎన్నో నెల, మొన్న మొగుడూ పెళ్ళాం ఎందుకు అరుచుకున్నారు అని కూడా అడగవచ్చు, కానీ సంపాదన ఎంత అని మాత్రం అడగకూడదు. మా ధర్మవరం మగ్గాల వీధిలో చీరకు మజూరీ ఎంతని ఎవరైనా కొత్తవాళ్ళు తెలియక అడిగితే, ఏదో షావుకారు దయ, గడుస్తా ఉండాదప్పా అని పైకి చూసి దండం పెట్టేవాళ్ళు. అంకె చెబితే దిష్టి తగులుతుందని మా అమ్మ అనేది. దిష్టి కంటే పెద్దది తగులుతుందని నాకు పదకొండేళ్ళప్పుడే తెలిసింది.

మా నాయన, ఆయనకు అన్న అయిన మా పెదనాయన, ఇద్దరూ పట్టు చీరలే నేసేవారు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. అటు గుంతలో ఆయన మగ్గం, ఇటు గుంతలో మా నాయన మగ్గం, పొద్దున మొదలుపెడితే రెండు చప్పుళ్ళూ ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉండేవి. ఒకటి ఆగితే రెండోవాళ్ళు గోడ అవతల నుంచే ఏమైంది అని కేకేసేవారు. ఇద్దరికీ పట్టూ జరీ ఇచ్చేది ఒకే షావుకారు. పెద్దమ్మ పిల్లలు ఇంకా చంటివాళ్ళు కావడం వల్ల, బడి మూడో తరగతితో మానిపించిన నేను, మా ఇంట్లో కండెలకు పట్టుపోగు చుట్టడం అయిపోగానే ఆమెకూ చుట్టిపెట్టడానికి పోయేదాన్ని. ఆమె చేతి జొన్నరొట్టె, చెనక్కాయల ఊరిబిండి ఇప్పటికీ నాలుక మీద ఉన్నాయి.

ఆ షావుకారుది ఒక పద్ధతి. చీర మడత విప్పి, వెలుగులో పెట్టి చూసి, మజూరీ ఎంత ఇస్తాడో నోటితో చెప్పేవాడు కాదు. ఎద్దుల సంతలో బేరగాళ్ళు చేసినట్టు, మా నాయన భుజం మీది తుండుగుడ్డ లాగి, దాని కింద చెయ్యి పెట్టి, వేళ్ళు నొక్కి చెప్పేవాడు. ఒకరు బయటికి వచ్చాకనే ఇంకొకరు లోపలికి పోవాలి. ఒకసారి చీర మూట మోసుకుని నేనూ వెంట పోయాను. తిరిగి వచ్చేటప్పుడు నాయన హుషారుగా ఉన్నాడు. గుడ్డ కింద ఏం చెప్పినాడు నాయనా అని వేధిస్తే, దారిలోనే నా చెయ్యి గుడ్డ కిందికి లాక్కుని, ముందు నాలుగు వేళ్ళు పట్టి, తరువాత అయిదూ పట్టి నొక్కాడు. నాలుగు పదులు, మీద అయిదు. నా నేత చక్కదనం చూసి షావుకారు నాకే ఇస్తున్నాడు, మీ పెదనాయనకు నలభయ్యేనంట, తెలిస్తే పెద్దోడు చిన్నబుచ్చుకుంటాడు, ఈ మాట నీ కడుపులోనే ఉండాల అన్నాడు. అంత పెద్ద రహస్యం నా చేతిలో పెట్టినందుకు నేను ఇంటి దాకా ఎగిరెగిరి నడిచాను.

కానీ ఆ అయిదు రూపాయలను నాయన ఖర్చు పెట్టేవాడు కాదు. చీర దిగిన ప్రతిసారీ, మగ్గం పైన గూట్లో ఉన్న తగరపు డబ్బాలో వేసేవాడు. అమ్మ అడిగితే, అన్న కంటే ఎక్కువ తీసుకుంది తింటే అరగదు అనేవాడు. పోనీ అన్నకే ఇద్దామంటే, ఎక్కడిదిరా అని అడుగుతాడు, అప్పుడు ఏం చెప్పాలి? అందుకని డబ్బా నిండుతూనే ఉంది. గోడ అవతల పెదనాయనదేమో ఇంకో రకం. ఊరికే మా ఇంటికి బెల్లం అచ్చులు తెచ్చేవాడు, ఉగాదికి నాకూ తమ్ముడికీ గుడ్డలు కుట్టించేవాడు. ఈ మనిషికి ఇంత చెయ్యి ఎట్లా ఆడుతోందో అని మా అమ్మ ఆశ్చర్యపోయేది.

ఆ ఏడు వాన చుక్క లేదు. పెద్దమ్మ రాప్తాడు దగ్గర పుట్టింటికి పోయి, పండిన ఆ నాలుగు జొన్న కంకులు నూర్చడానికి సాయం పడితే, కంట్లో పొట్టు పడింది. నలిపింది, ఆముదం చుక్క వేసింది, చనుబాలు పోయించుకుంది. వారం తిరిగేసరికి కన్ను ఎర్రగా వాచి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ వచ్చింది. మా ఊరి డాక్టరు చూసి, ఇది నా చేతిలో లేదు, బెంగుళూరు పెద్దాస్పత్రికి తీసుకుపోండి, చేతిలో రెండు వందలన్నా లేకుండా బయలుదేరవద్దు అన్నాడు. మగ్గం మీదున్న చీర దిగనీ, అది ఇచ్చేటప్పుడు షావుకారును అప్పు అడుగుదాం అన్నాడు పెదనాయన. అది దిగడానికి ఇంకా పది రోజులు.

ఆ రోజుల్లో మా నాయన చేసింది నేను నా కళ్ళతో చూశాను. మగ్గం దిగి, గూట్లోంచి డబ్బా తీసి, వాకిలి దాకా నడిచేవాడు. మళ్ళీ వెనక్కి వచ్చి డబ్బాను గూట్లో పెట్టేసేవాడు. అట్లా ఎన్నిసార్లో. గోడ అవతల పెద్దమ్మ మూలుగు వినిపిస్తూనే ఉండేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నాను. కంటికి తడిగుడ్డ కట్టుకుని, బాధ ఆపుకోలేక తనలో తాను అనుకున్నట్టే మొదలుపెట్టింది. మీ నాయనను అడుగుదామంటే మీ పెదనాయన ఒప్పుకోవడం లేదే, పాపం ఆయప్పకు చీరకు నలభయ్యేనంట, మాకు మీద అయిదు వస్తుందంట, ఇచ్చే చెయ్యి మనది, పోయి అడిగేదెట్లా అంటున్నాడు అని. నాకు ఏమీ ఆలోచన రాలేదు. తప్పుగా చెప్పిన లెక్క దిద్దినట్టు అనేశాను.

"లేదు పెద్దమ్మా. నలభై ఐదు మా నాయనకి. నలభై పెదనాయనకంట."

అదే గదిలో మగ్గం మీద ఉన్న పెదనాయన చెయ్యి ఆగిపోయింది. గోడ అవతల మా నాయన మగ్గం ఒక్కటే కొట్టుకుంటోంది. ఆయన గుంతలోంచి పైకి వచ్చి నన్ను ఒకసారి చూసి, వాకిట్లో నిలబడి, మగ్గం నిలిపి రారా అని తమ్ముణ్ణి పిలిచాడు. నాయన వచ్చి గడప లోపల నిలబడ్డాడు. అప్పుడు పెదనాయన, పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ణి ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"నీకెంతరా?"

నాయన నా వైపు చూశాడు. అలవాటుకొద్దీ భుజం మీది గుడ్డ తీసి, చేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి అన్న వైపు చాపాడు. పెదనాయన ఆ గుడ్డ పీకి అవతల పారేశాడు.

"నోటితో చెప్పు."

"నలభై ఐదు."

"నాకూ అంతే" అని పెదనాయన నేల మీద కూలబడ్డాడు.

ఇద్దరికీ ఒకటే మజూరీ, ఇద్దరికీ ఒకటే అబద్ధం. తమ్ముడికి తక్కువని అన్న బెల్లం మోశాడు, అన్నకు తక్కువని తమ్ముడు డబ్బా నింపాడు. నాయన ఒక్క పరుగున పోయి ఆ డబ్బా తెచ్చి పెద్దమ్మ ముందు బోర్లించాడు. లెక్కపెట్టకుండానే తెలిసిపోయింది, రెండు వందలకు పైనే ఉంది. పెద్దమ్మ మంచి కన్నుతో ఆ నోట్లను చూసి, ఎప్పట్నుంచి ఉండాయప్పా ఇవి అని నెమ్మదిగా అడిగింది. నాయన గోడకు తిరిగి నిలబడ్డాడు.

మరునాడే బెంగుళూరు పోయారు. పది రోజుల ముందు తెచ్చి ఉంటే కన్ను నిలబెట్టేవాళ్ళమని అక్కడి డాక్టరు చెప్పాడట. ఆ కన్ను తీసేశారు.

తిరిగి వచ్చాక అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకేసారి షావుకారు ముందుకు పోయారు. ఆయన ఉలకలేదట. "ఇద్దరికీ సమానంగానే ఇస్తాండా కదప్పా, ఇందులో నేను చేసిన తప్పేముండాది?" అన్నాడట. తరువాత వీళ్ళు వీధిలో ప్రతి ఇంటి ముందూ నిలబడి, మాకు నలభై ఐదు, మీకెంత అని అడుగుతూ పోతే, మగవాళ్ళు గుంతల్లోంచి తల ఎత్తలేదు, ఆడవాళ్ళు తలుపులు దగ్గరికి వేసుకున్నారు. చివరి ఇంటి ముసలాయన ఒక్కడు మాత్రం వీధి అటూ ఇటూ చూసి, తనకు యాభై ఐదు వస్తుందని గొణిగాడు, అదీ వేరే షావుకారు దగ్గర. వీళ్ళూ అక్కడికే మారారు.

ఆ తరువాత నాయనకు ఒక అలవాటు పట్టుకుంది. మజూరీ తీసుకుని వస్తే, మా ఇంట్లో కాలు పెట్టకముందే అన్న గడప ముందు నిలబడి, వదినా, ఈసారి ఇంత అని గట్టిగా చెప్పేవాడు. వీధి వీధంతా వినేది. పిచ్చి పట్టిందని నవ్వేవాళ్ళు, మెల్లగా నవ్వడం మానేశారు, మాకెందుకంత తక్కువ అని తమలో తాము గొణుక్కోవడం మొదలుపెట్టారు. లోపల్నుంచి పెద్దమ్మ, "సరేలేప్పా, ఇన్యాను" అనేది. ఆ పది రోజుల మాట ఇద్దరిలో ఎవరూ ఒక్కనాడూ ఎత్తలేదు.

ఇప్పుడు జీతం ఫోనులో టంగుమని పడుతుంది, పిల్లలు ఆ అంకెను ఒకరికొకరు చూపించుకుని నవ్వుకుంటారు. మంచిదే. అట్లా చెప్పుకునే నోళ్ళు మా ఇంట్లో అప్పుడే ఉండి ఉంటే ఒక కన్ను మిగిలేది. అయినా ఈ అంకెలు వింటే నాకు ఇంకా ఉలికిపాటే, ఎవరో నట్టింట్లో బట్టలు విప్పి నిలబడినట్టే ఉంటుంది. తన చేతిలో ఎక్కువ పడిందని తెలిసి తిండి సహించక తల్లడిల్లే మనిషి మాత్రం ఈ అంకెల మధ్య ఎక్కడా కనబడడు.

మా పెద్దమ్మ పోయిన తరువాత కూడా నాయన కొన్నేళ్ళు నేశాడు. మజూరీ తెచ్చిన రోజున ఆ గడప ముందు కాసేపు ఆగేవాడు, లోపలికి చూసేవాడు, మా ఇంటికి వచ్చేవాడు. ఎంత వచ్చిందో మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.