అమ్మ ఇచ్చిన మంచి సర్టిఫికెట్

ఇంతవరకు ఎవరికీ చెప్పని ఘోరం ఒకటి చెబుతాను. నా జబ్బేమిటో తేలాల్సిన రోజున, అది తేలకుండా ఏర్పాట్లన్నీ స్వయంగా నేనే చేశాను.

నాకు ఇరవై ఆరేళ్లు. మాది సిరిసిల్ల. పొయ్యి మీద పాలు పెట్టి పుస్తకం తెరిచానంటే పాలు పొంగి గోడలెక్కాల్సిందే, బద్ధకమని అమ్మ తిట్టాల్సిందే. మతిమరుపుతో రెండు ఉద్యోగాలు పోయాక, ఒంటరిగా జగిత్యాల వెళ్లి మానసిక వైద్యురాలిని కలిశాను.

"ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి ఒకచోట నిలవని సమస్య కావచ్చు. పెద్దవాళ్లలోనూ ఉంటుంది. కానీ చిన్నప్పటి నుంచీ ఉందో లేదో తెలియాలి. మీ అమ్మను తీసుకురా," అన్నారామె.

అమ్మకు నిజం చెప్పే ధైర్యం నాకెక్కడిది? "ఆసుపత్రిల జాబమ్మా. నా గురించి నిన్ను గూడ అడుగుతరట," అన్నాను.

అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"చిన్నప్పుడు వస్తువులు పారేసుకునేదా?" డాక్టరమ్మ అడిగారు.

"మా బిడ్డనా? గుండుసూది గూడ పోగొట్టది మేడం!"

"చెప్పిన పని పూర్తిచేసేదా?"

"ఒక్కసారి చెప్తె సాలు. మషీన్ లెక్క చేస్తది!"

పెళ్లికాని కూతురిని పరాయివాళ్ల ముందు తక్కువ చేసే అమ్మ మా వైపు ఎక్కడైనా ఉంటే చూపించండి!

"అయితే ఈ అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదన్నమాట," అంటూ డాక్టరమ్మ ఫైలు మూయబోయారు.

దాంతోపాటు నా బతుకూ మూతపడుతున్నట్టు అనిపించింది. కూరగాయల ధర అడగడానికే గొంతు పెగలని నేను లేచి అరిచాను. "అమ్మా, జాబు లేదు, గీబు లేదు! వైద్యం నాకే. నిజం చెప్పు!"

అమ్మ నన్ను చూసింది, డాక్టరమ్మను చూసింది. "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అంటూ కొంగు నడుములో దోపుకుంది. ఇక వరద గేట్లు ఎత్తినట్టే.

"ఏడాదికి నాలుగు స్కూలు బ్యాగులు పోగొట్టింది మేడం! బీడీలు చుట్టుమంటె ఆకు సగం కత్తిరిచ్చి కిటికీలకెళ్లి చూసుకుంట కూసుండేది. కోరుట్లల పెండ్లికి తోల్కపోతె, పక్క పందిట్లకు పోయి బువ్వ తినొచ్చింది!"

డాక్టరమ్మ రాసి రాసి చేయి విదిలించుకున్నారు. మరిన్ని ప్రశ్నలు, ఫారాలు, బీపీ పరీక్ష అయ్యాక ఏడీహెచ్‌డీయేనని తేల్చారు. "నీది బద్ధకం కాదమ్మా," అంటూ మాత్ర రాశారు, పనుల్ని చిన్న ముక్కలుగా చేసుకునే పద్ధతి నేర్పారు, నెల తర్వాత రమ్మన్నారు. బద్ధకం కాదన్న ఆ ఒక్క మాటకే నాకు కళ్లు నిండాయి.

తిరుగు బస్సులో గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: ప్రాణం పోయినా సరే, ఇకపై అమ్మను అబద్ధం చెప్పి డాక్టరు ముందు కూర్చోబెట్టను.

అమ్మ వేములవాడ దాకా తిట్టింది. సిరిసిల్లలో దిగబోతూ నా చేయి పట్టుకుంది.

"ఇన్నేండ్ల సంది తిట్టిన తిట్లన్ని వాపస్ తీసుకుంటున్న బిడ్డా. ఇయ్యాల్టియి మాత్రం ఉండనియ్యి."