ఎక్స్‌రే ఆగిపోయిన ఆ పది నిమిషాలు

నెట్‌వర్క్ పనిలో చేరిన కొత్తలో వనపర్తిలోని ఒక దవాఖానకు మొదటిసారి ఒంటరిగా వెళ్లాను. అక్కడ రోగుల బంధువుల ఫోన్ల వైఫై, ఎక్స్‌రే, డాక్టర్ కంప్యూటర్లు ఒకే స్విచ్ మీద, అంటే నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే ఒకే పెట్టె మీద నడుస్తున్నాయి. వైర్లు గుచ్చే ఆ స్విచ్ పోర్టులను ఫోన్లకొకటి, కంప్యూటర్లకొకటి చొప్పున ఒకదానితో ఒకటి కలవని రెండు గుంపులుగా విడదీయాలి. అలాంటి గుంపును మా భాషలో వీలాన్ అంటారు.

ఎంత హుషారుగా మొదలుపెట్టానో! పదమూడో పోర్టు నుంచి ఫోన్లకు ఇవ్వాల్సింది, తొందరలో మూడు అని కొట్టాను. నా ల్యాప్‌టాప్, ఎక్స్‌రే కంప్యూటర్ రెండూ ఫోన్ల గుంపులో పడ్డాయి. ఇక నా ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌లోకి వెళ్లలేకపోయాను.

ఎక్స్‌రే తీసే రజియా అక్క పరుగెత్తుకొచ్చింది. "ఏం జేసినవ్ చెల్లె? ఫొటో డాక్టర్ సార్‌కు పోతలేదు. పెద్దమందడి నుంచొచ్చిన అవ్వ చెయ్యి విరిగి ఏడుస్తుంది!"

నాకు పని నేర్పిన మా సార్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంతలో మెరుపులా తట్టింది, మార్పులు నేనింకా సేవ్ చేయలేదు! స్విచ్ ఆపి వేస్తే అవి చెరిగిపోతాయి.

"అక్కా, జర ఆగు" అంటూ స్విచ్ ఆపి మళ్లీ వేశాను. పచ్చ లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. పాత అమరిక తిరిగొచ్చింది.

"రజియా, ఫొటో వచ్చింది!" లోపలి నుంచి డాక్టర్ గారు కేకేశారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

అవ్వకు కట్టు కట్టేదాకా స్విచ్ జోలికి పోలేదు. తర్వాత రజియా అక్కే పిలిచింది. "గిప్పుడు జెయ్, నేను పక్కనుంట."

ఆ మాటకు ధైర్యం వచ్చింది. ప్రతి నంబరూ పైకి చదువుతూ పని పూర్తిచేశాను. వైరుకు అవతల నొప్పితో ఎవరో కూర్చుని ఉంటారని తెలిశాక, ఈ పని మీద నా ఇష్టం రెట్టింపైంది.