గంధం అంటిన మౌసు

మా టైపు టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. చేసింది బియ్యం కొట్టు షావుకారుగారి చిన్నమ్మాయి, ఆవిడ దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల. "నిద్రలోనే పోయారంటక్కా" అంది. ఫోను పెట్టేసి ఏడ్చాను. కాసేపటికి ఆవిడ గెలిచిన రోజు గుర్తొచ్చి ఏడుపులోనే నవ్వొచ్చింది.

నిడదవోలు స్టేషను దగ్గర ఓ మేడమీద ఉండేది ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్. గాజులకి పిన్నీసుల గుత్తి, చేతిలో స్పిరిట్ దూది, నోట్లో చురకలు. కీ అంటుకుపోయి మేం విసుక్కుంటే, "పైన బాదకే అమ్మాయ్, కింద చూడు" అనేవారు. ఇంట్లో గొడవపడి వచ్చిన పిల్లకి కూడా అదే సలహా.

కంప్యూటర్లొచ్చాక టైపుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆవిడ పట్టుబట్టి ఓ కంప్యూటర్ కొన్నారు. విజయదశమినాడు పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి చూపించాలి. ఎవరూ చేరకపోతే ఇక ఇన్‌స్టిట్యూట్ మూసెయ్యడమే.

పూజ ఘనంగా చేశారు. టైపు మిషన్లకి పెట్టినట్టే మానిటరుకి, కీబోర్డుకి గంధం, కుంకుమ పెట్టారు. మౌసు కింద పరిచే అట్టనీ వదల్లేదు. దాని నడిమధ్య తడి గంధంతో ఇంత బొట్టు పెట్టి, కుంకుమద్ది, "ఇదీ సరస్వతే" అన్నారు.

అందరిముందూ నడిపించే భాగ్యం నాది. బొమ్మలు గీసి చూపిస్తుంటే మొదట బాగానే నడిచింది. కాసేపటికి తెర మీద బాణం మొరాయించడం మొదలెట్టింది. కదలదు, కదిలితే కప్పలా గెంతుతుంది. ఇద్దరు కూతుళ్ళని చేర్పించడానికి వచ్చిన షావుకారుగారు కండువా దులుపుకుని లేచారు.

"కొత్తదే ఇలాగుంటే ఎలాగండీ? ఇంకోసారి వస్తాం లెండి."

ఆయన వెళ్తే మిగతావాళ్ళూ వెళ్ళిపోతారు. "కూర్చోండి బాబూ, కాఫీ వస్తోంది. తాగేలోపు నడిపిస్తాను" అన్నారు టీచరుగారు. నాతో మాత్రం మెల్లిగా, "దీని కిందేముందే?" అన్నారు.

"బంతి ఉంటుందండి."

ఆ రోజుల్లో మౌసు కడుపులో రబ్బరు బంతి ఉండేది. అది దొర్లితేనే బాణం కదిలేది. ఆవిడ మౌసు తిరగేసి మూత తిప్పగానే బంతి అరచేతిలో పడింది, కుంకుమతో ఎర్రగా. లోపలి చిన్న చక్రాలకి గంధం పట్టి గట్టిపడింది. గాజుకున్న పిన్నీసు తీసి గీకారు. స్పిరిట్ దూదితో బంతినీ చక్రాలనీ తుడిచారు. అట్ట మీది బొట్టు కూడా తుడిచి, చెంపలేసుకున్నారు.

"బొట్టు పెట్టింది నేనేనండి. భక్తి కాస్త ఎక్కువైంది."

అందరూ నవ్వారు. "ఇప్పుడు గియ్యవే" అన్నారు నాతో. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత లాగాను. బాణం ఎక్కడా తడబడలేదు. షావుకారుగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఏదమ్మా, నన్నోసారి పట్టుకోనీ" అన్నారు. తన పేరు వంకరటింకరగా రాసుకుని మురిసిపోయి, కాఫీ చల్లారిపోయినా కుర్చీ వదల్లేదు. సాయంత్రానికి బ్యాచి నిండింది. ఆ గెలుపు నాదే అన్నంతగా పొంగిపోయాను.

మొన్న టీచరుగారి పెద్దకర్మ కార్డు వేయించడానికి వెళ్ళాను. షావుకారుగారి చిన్నమ్మాయికి ఇప్పుడు సొంత డీటీపీ సెంటరుంది. తెర మీద టీచరుగారి ఫోటో పెట్టి, "చుట్టూ అంచు నువ్వే గియ్యక్కా" అంది. బంతి మౌసులు ఎప్పుడో పోయాయి. అయినా అలవాటు కొద్దీ మౌసు తిరగేసి కింద చూశాను. శుభ్రంగానే ఉంది. ఆవిడ నవ్వుమొహం చుట్టూ, ఈ మూల నుంచి ఆ మూలకి గీత లాగాను. ఎక్కడా ఆగలేదు.