పాలిథిన్ కింద డిష్

ఆ ఊళ్లో ఇంటికో డిష్ ఉంది. ప్రతి డిష్‌నూ బిగించింది పనాస్ ఒక్కడే. పాతికేళ్లుగా పెంకుల మీదా రేకుల మీదా పిల్లిలా తిరిగిన మనిషికి ఎత్తంటే భయం లేదు. మనుషులంటేనే భయం. తన పెళ్లిలోనే గ్లాసెత్తి నాలుగు మంచి మాటలు చెప్పమంటే పెరటి దారిన జారుకున్నాడు. ఎవరైనా గొంతు పెంచితే సరేనని తలూపి, ఇంటికెళ్లి తనను తానే తిట్టుకునే రకం.

అందుకే ఆ ఏప్రిల్‌లో సరిహద్దు దాటి వచ్చిన శత్రు సైనికులు ద్నిప్రో నది ఎడమ గట్టు ఊళ్లను పట్టుకుని, ఇక అందరూ తమ ఛానెళ్లే చూడాలని హుకుం వేసి, డిష్‌లన్నీ తిప్పమంటే పనాస్ తలూపాడు. నూట నలభై ఇళ్లవి తిప్పాడు. ఆ తర్వాత అతను పలకరిస్తే జనం మొహాలు తిప్పుకున్నారు. తేనెటీగలు పెంచే తిమిష్ మాత్రం తన డిష్‌ను మళ్లీ పాతవైపు పెట్టుకున్నాడు. డిష్ ఎటు చూస్తోందో చూస్తే ఇంట్లో ఏం చూస్తున్నారో వీధిలో పోయేవాడికైనా తెలిసిపోతుంది. రెండో రోజే తిమిష్‌ను జీపెక్కించుకుపోయారు. ఇంతవరకూ జాడ లేదు.

జూన్‌లో ఒక ఉదయం మోత్ర్య అతని వాకిట్లోకి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నోరు మాత్రం ఇంకా ఇరవై దగ్గరే ఉంది.

"పనాసూ, నాకో డిష్ బిగించాలిరా."

"ఉందిగా పిన్నీ."

"అది వాళ్లవే చూపిస్తుంది. నాకు మన ఛానెళ్లు కావాలి. రెండు వైపులా యుద్ధఖైదీలను మార్చుకున్నారని రొట్టెలకు నిలబడ్డ వరుసలో అన్నారు. పన్నెండింటి వార్తల్లో బస్సులు దిగేవాళ్లను చూపిస్తారట. మా లుకియాన్ ఉన్నాడేమో చూడాలి."

లుకియాన్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. మన సైన్యంలో పోరాడుతూ పట్టుబడి మూడు నెలలైంది. బతికున్నాడో లేడో చెప్పినవాళ్లు లేరు. ఫోన్లు కూడా మూగబోయాయి.

"మెల్లగా మాట్లాడు, గోడలకు చెవులుంటాయి," అన్నాడు పనాస్. "తిమిష్‌కి ఏమైందో చూశావుగా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కాల్సిన అడుసు ఎప్పుడో తొక్కావు కదరా. నూట నలభై ఇళ్లు తొక్కావు."

ఆ మాట సూటిగా తగిలింది. "చూసిన మరుక్షణం ఊడదీస్తాను," అని సంచీ తీసుకున్నాడు.

మోత్ర్య పెరట్లో టమాటాలకు పాలిథిన్ కప్పిన పొడవాటి పందిరి ఉంది. బయటినుంచి చూస్తే లోపల మసకగా పచ్చదనం తప్ప ఏమీ కనబడదు. పాలిథిన్ సిగ్నల్‌ను ఆపదని విన్నాడు గానీ పనాస్ ఎప్పుడూ చేసి చూడలేదు. మొక్కల మధ్య గుంజ పాతి డిష్ బిగించాడు, వైరు వంటింటి కిటికీలోకి లాగాడు. సెట్‌టాప్ బాక్స్ ముందు మోత్ర్య కూర్చుంది.

"స్కాన్ కొట్టు పిన్నీ."

"కొట్టాను. సున్నా అంటోంది."

"క్వాలిటీ గీత ఎంత?"

"అదీ సున్నానే."

వైరు చివర విప్పి మళ్లీ చెక్కాడు. సున్నా. డిష్ ముందు బిగించే ఎల్‌ఎన్‌బి మార్చాడు. సున్నా. నీడను బట్టి దిక్కు సరిచూశాడు, అంగుళం పైకి, అంగుళం కిందికి. సున్నా. వీధిలో ఏ బండి చప్పుడు వినిపించినా చేతిలోని స్పానర్ ఆగిపోతోంది. పాతికేళ్ల పనిలో ఇన్ని సున్నాలు ఎప్పుడూ చూడలేదు. పన్నెండుకి ఇంకా పావుగంటే ఉంది.

అప్పుడు మెడ మీద ఒక చుక్క పడింది. తల ఎత్తాడు. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోసింది మోత్ర్య. ఆ ఆవిరంతా పాలిథిన్ లోపలివైపు దట్టంగా చుక్కలు కట్టింది. సిగ్నల్‌ను మింగుతున్నది నీళ్లు! ఆరుబయట తప్ప డిష్ పెట్టి ఎరగని బుర్రకు అది తట్టలేదు. చొక్కా విప్పి, డిష్‌కి ఎదురుగా ఉన్న పాలిథిన్‌ను తుడిచాడు.

"అరవై! పనాసూ, అరవై చూపిస్తోంది!" కిటికీలోంచి అంది మోత్ర్య. "స్కాన్ అవుతోంది... ముప్ఫై ఛానెళ్లు... మనవే!"

వార్తలు మొదలయ్యాయి. రెండు నిమిషాలకోసారి చుక్కలు మళ్లీ చేరుతుంటే పనాస్ తుడుస్తూనే ఉన్నాడు. అంతలో పెరటి తలుపు కిర్రుమంది.

"పెద్దాయనా, టమాటాలు పండాయా?"

ఎర్రగడ్డం సైనికుడు, భుజాన తుపాకీ. పనాస్ ఆలోచించలేదు. తడి చొక్కాను డిష్ మీద వేశాడు, దాని ముందుకి టమాటా కొమ్మలు లాగాడు, పందిరి గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

"రాకండి బాబూ! ఇప్పుడే మందు కొట్టాను. పీలిస్తే ఊపిరితిత్తులు మండిపోతాయి."

సైనికుడు అతని మొహం చూశాడు. పాలిపోయి, చెమటలు కారుతూ, పెదాలు అదురుతూ ఉంది. అంత నిజమైన భయాన్ని ఎవరు అనుమానిస్తారు?

"నువ్వే చచ్చేలా ఉన్నావు. బయటికి రా," అని వాడు వెనక్కి తగ్గి, పెరటి తలుపు దాటి వెళ్లిపోయాడు.

పనాస్ గుంజ దగ్గరికి తిరిగొచ్చాడు. మోత్ర్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"పదకొండు మంది దిగారురా. పన్నెండోవాడు తల వంచుకుని మెట్టు మీద కాలు పెడుతున్నాడు. అంతే, బొమ్మ పోయింది."

తడి చొక్కా కప్పింది తనే. మొదట అతనికి ఆ సంగతే తోచింది, ఆ తర్వాతే ఊడదీయాలన్న మాట గుర్తొచ్చింది.

"ఆరు గంటల వార్తల్లో మళ్లీ వేస్తారులే పిన్నీ."

"అందాకా ఉంచుతావా?"

తలూపాడు. ఈసారి ఎవరూ గొంతు పెంచలేదు. ఆరింటిదాకా ఆ ఉక్కలో కూర్చుని, చప్పుడైతే ఊపిరి బిగబట్టి, చుక్క చేరితే తుడిచాడు. ఇంత భయం అతను జన్మలో ఎరగడు.

ఆరూ పదికి మోత్ర్య పెరట్లోకి నడిచి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

"ఉన్నాడు," అంది. "చిక్కి సగమయ్యాడు. కానీ తన కాళ్ల మీదే దిగాడు."

మూడు నెలలుగా పొడిబారిన మొహం విరగబడి నవ్వుతోంది. ముడతలన్నీ నవ్వుతున్నాయి. అది చూసి పనాస్‌కి మళ్లీ భయం వేసింది.

"పిన్నీ, రేపు రొట్టెల వరుసకు వెళ్లకు. ఆ మొహం చూస్తే కొడుకును ఎక్కడ చూశావని అడుగుతారు."

"వెళ్లకపోయినా ఎందుకు రాలేదని అడుగుతారు కదరా."

ఆమె తలగుడ్డ లాగి నోటికి అడ్డం కట్టుకుంది. కళ్లు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు నవ్వు కనబడుతోందా?" అని అడిగింది.

పనాస్ ఆ కళ్లలోకి చూశాడు.

"కనబడుతోంది," అన్నాడు.