బీరువా ఈడ్చిన గీతలు

నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులద్దే ఇంట పుట్టినా, రహమాన్ బతుకంతా కలిగినవాళ్ల మేడల్లో, టేకు చెక్క నేలల మీద మోకాళ్లూనే గడిచింది. అరిగిన చోట గరుకు కాగితంతో రుద్ది, టేకు పొట్టు జిగురులో కలిపి గాట్లు పూడ్చి, లక్క పాలిష్ పట్టించాడంటే పాత నేల ఎక్కడ ఆగిందో, అతుకు ఎక్కడ మొదలైందో చూపుకు అందదు. ఆ పనితనం కోసమే ధర్మపురి నుంచి శ్యాంసుందర్‌రావు కబురంపాడు.

మేడ గదికి తలుపు కొత్తది. గుమ్మం దగ్గర నేల అరిగిన మాట నిజమే. కానీ గోడ నుంచి తలుపు దాకా నాలుగు గీతలు పచ్చి గాయాల్లా చీలి ఉన్నాయి.

"పంచాయితీకి వచ్చే పెద్దమనుషులు ఈ అర్ర చూస్తరట. వాళ్లు వచ్చేసరికి గీ గీతలు కనపడొద్దు," అన్నాడు రావు.

ఆయన కొడుకు తారక్ నవ్వాడు. "నేను గొడ్డలి పట్టుకొని వచ్చిన్నట, మా ఆమె బీరువా అడ్డం గుంజుకున్నదట. మంచిగ కథలు చెప్తది చాచా. నువ్వు పూడ్చు, ఆమె నోరు అదే మూతపడ్తది."

రహమాన్ ఒక గీత పూడ్చాడు. అంతలో రావు కోడలు వనజ మంచినీళ్ల చెంబు తెచ్చింది. ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. మెడ మీద అయిదు వేళ్ల గుర్తులూ నల్లగా కమిలి ఉన్నాయి.

"మెట్ల మీద పడ్డనని చెప్తున్నరు చాచా," అంది నెమ్మదిగా. "నా మాటకు గీ గీతలే సాక్ష్యం. ఇవి పోతే నన్ను మళ్ల ఇదే అర్రల తోలుతరు."

రహమాన్ ఉలి తీసి, పూడ్చినదంతా గోకేశాడు. నేలంతా పలచగా పాలిష్ పట్టించి, నాలుగు గీతల్లోనూ పొట్టుకు బదులు చిక్కటి లక్క నింపాడు.

తారక్ వచ్చి, గీతలు ఇంకా కనపడుతుండటం చూశాడు. మొదటి తన్ను పక్కటెముకల్లో పడింది. రెండోదానికి రహమాన్ నోరు ద్వారబంధానికి కొట్టుకుని పన్ను ఊడింది. "మా ఇంట్ల తిని మాకే ఎదురా?" అంటూ జుట్టు పట్టి ఈడ్చాడు. మనిషిని కొట్టిన చేతులు కడుక్కోనివాళ్లకు, కొట్టిన గది మాత్రం తళతళలాడాలి.

కింద మాటలు వినిపించాయి. రావు భార్య సరళాదేవి పరుగున ఎర్ర జంపఖానా తెచ్చి పరిచింది. పెద్దమనుషులను జంపఖానా మీద కూర్చోబెట్టడం ఆ ఇంటి మర్యాద. ఎవరూ అనుమానించరని ఆమె ధీమా.

ఆ గదిలోనే చాలాసేపు పంచాయితీ నడిచింది. మూలన నెత్తురు తుడుచుకుంటున్న రహమాన్‌ను వనజ తరఫు పెద్దమనిషి రాజం చూశాడు.

"నిన్నెవరు కొట్టిన్రు?"

"కింద చూడు పటేలా," అన్నాడు రహమాన్.

రాజం అందరినీ లేపి జంపఖానా అంచు పట్టి లాగాడు. పలచటి పాలిష్ ఎప్పుడో ఆరింది. గీతల్లోని చిక్కటి లక్క ఆరలేదు. జంపఖానా చర్రున చిరుగుతూ లేచింది. గోడ నుంచి తలుపు దాకా నాలుగు గీతలూ ఎర్రటి నూలు పోగులతో నిండి ఉన్నాయి.

తారక్ ఉలి అందుకుని రహమాన్ మీదికి దూకాడు. ఇద్దరు పట్టి పడేస్తే తప్ప ఆగలేదు.

"గొడ్డలి సంగతి ఇగ అడిగేదేం లేదు," అన్నాడు రాజం. "లే బిడ్డా, పోదాం."

వనజ ఆ నాలుగు గీతల పక్కనే నడిచి, గడప దాటింది.