సంచి పెట్టిన కుర్చీ

సిరిగేరి దాటాక బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ముందుగా తన సంచిని మా ఇద్దరి మధ్య గోడలా పెట్టాడు. ఆ తర్వాత తమ ఊరి లైబ్రరీ గొప్పలు మొదలుపెట్టాడు. అన్ని పేపర్లూ వస్తాయట, కంప్యూటరు ఉందట, ఆడవాళ్ళు గడప దాటే పని లేకుండా పుస్తకాలు ఇంటికే ఇస్తారట. కూతురు పోలీసు పరీక్షకు చదువుతోందని చెప్పి, పొద్దున ఊర్నుంచి బయల్దేరే ముందు ఆమె కోసం అక్కడ తీసుకున్న పుస్తకం చూపించాడు. ముగ్గుల పుస్తకం!

“పోలీసోళ్ళు స్టేషను ముందర ముగ్గులెయ్యాల్నా అప్పా?” అన్నాను.

“పరీక్ష గైడ్లు బయటికియ్యరమ్మా. ఆడనే కూర్చొని చదవాల.”

“అయితే ఆడనే కూర్చోనీ.”

“అంతా మొగోళ్ళుండే జాగాలో ఆడబిడ్డ యాడ కూర్చుంటాది? నీకు బుద్ధి ఉండాదా?”

“నాకు ఉండాది. నీ బిడ్డకే కుర్చీ లేదు.”

బస్సంతా మావైపు తిరిగింది. తన ఊరు రాగానే ఆయన లేచి, పుస్తకాన్ని నా ఒళ్ళోకి విసిరాడు.

“అంత నొప్పిగా ఉంటే నువ్వే పోయి కూర్చో, పో!”

పుస్తకం మీద ఆ ఊరి లైబ్రరీ ముద్ర ఉంది. తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, నిజంగానే కూర్చున్నాను. మగవాళ్ళు పేపర్లు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు ప్రతి శనివారం వెళ్తున్నాను. పోలీసు పరీక్ష గైడు బల్ల మీద పెట్టి, పక్క కుర్చీలో నా సంచి పెడతాను. ఎవరైనా కూర్చోబోతే, “ఆడపిల్ల వస్తాది, ఇంకో జాగా చూసుకోప్పా” అంటాను.

ఆ పిల్ల ముఖం నేనింకా చూడలేదు.