ఆరో చిత్రంలోని ముఖం

ఆరో చిత్రంలోని ముఖాన్ని చెరిపినవారు ముగ్గురు. ముగ్గురూ చర్చి కమిటీ పెద్దలే. అయినా కమిటీ తీర్మానాల పుస్తకం నలభై మూడో పుటలో "ఇస్త్రీ చేసే ఆమె ఇచ్చిన సలహా వల్ల చిత్రానికి నష్టం వాటిల్లినది" అని ఉంది. కింద ఆ ముగ్గురి సంతకాలే ఉన్నాయి. నకలు తేదీతో సహా భద్రంగా ఉంది. చూడదలచినవారు చూడవచ్చు.

ఆ ఇస్త్రీ చేసే ఆమెను వీధి అంతా ఇస్త్రీ అక్క అంటుంది. రెండు బల్లలు పట్టే గదిలో, ఆడపడుచు తోడుగా, ఇరవై ఆరేళ్లుగా ఊరి బట్టల ముడతలు తీస్తోంది. చదువు రెండో తరగతితోనే ఆగిపోయింది. ఈస్టరు పండుగకు ముందు వచ్చే తపస్సుకాలంలో మిగతావారు పుస్తకాలు చేతపట్టుకొని, చర్చి గోడల మీద సిలువ మార్గం చెప్పే పద్నాలుగు చిత్రాల ముందు ప్రార్థనలు చదువుతూ సాగిపోతే, ఆమె మాత్రం ఆరోదాని దగ్గరే నిలబడిపోయేది. సిలువ మోస్తూ వెళుతున్న క్రీస్తు ముఖాన్ని ఒక స్త్రీ గుడ్డతో తుడవగా, ఆ గుడ్డ మీద ఆయన ముఖం ముద్రపడిన ఘట్టమది. పాతకాలపు చిత్రకారుడెవరో ఆ ముద్రను పలచని గోధుమరంగులో, ఉందా లేదా అన్నంత లేతగా వేశాడు.

ఆమె చూసే పద్ధతి ఆమెది. మొదటి వారాల్లో గుడ్డను మాత్రమే చూసేది. దాని మీద నాలుగు మడతల గీతలు ఇంకా చెదరలేదని కనిపెట్టడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది. కనిపెట్టిన రోజు ఇంటికి పరుగున వచ్చి, "ఆవిడ దొంతరలోంచి లాక్కొని వచ్చేసిందే! సరిగా దులపడానికి కూడా ఆగలేదు!" అని ఆడపడుచుతో చెప్పి కళ్లు తుడుచుకుంది. గుడ్డ తరువాత ఆ స్త్రీ చేతులు. ముఖాన్ని మాత్రం ఆఖరి వారం దాకా కన్నెత్తి చూసేది కాదు. ఐదు వారాలు ఆగి ఆగి చూస్తే తప్ప అది తనను చూడదని ఆమె నమ్మకం.

ఈ ఏడు మూడో వారంలో గంటల తాత దుకాణానికి వచ్చాడు. చర్చి గంట కొట్టేదీ, ఊడ్చేదీ ఆయనే.

"అమ్మాయ్, తెల్లగుడ్డ మీద గోధుమరంగు మరక పడితే ఎలా పోతుంది?"

"ఏం గుడ్డ తాతా? బలిపీఠం మీదిదా?"

"ఆఁ, అలాంటిదే. పెద్దలు అడిగి రమ్మన్నారు."

"పాతదా? పాతదైతే గోరువెచ్చని నీళ్లలో కాస్త బట్టల సోడా. మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా. బాదకండి, పాపం దానికీ ప్రాణం ఉంటుంది."

తాత నవ్వుతూ వెళ్లాడు. చిత్రం మాట ఎత్తవద్దని ఆయనకు ముందే చెప్పి పంపారు. తేమకు చిత్రంలోని గుడ్డ మీద మరక పట్టిందనీ, పండుగకు బిషప్ గారు వచ్చేలోగా దాన్ని వదిలించాలనీ కమిటీ అనుకుంది. పద్నాలుగు చిత్రాల ముందు ఏళ్ల తరబడి మోకరించిన ముగ్గురు పెద్దమనుషులకు అది మరకో ముఖమో తెలియకపోవడమే ఇక్కడి అసలు వింత.

శుక్రవారం ఆమె వెళ్లేసరికి గుడ్డ తెల్లగా మెరిసిపోతోంది. ఆమెకు ముందు తగిలింది సోడా వాసన. అంతా అర్థమైపోయింది.

ఆనాటి నుంచి చేయి ఒకచోట నిలవడం లేదు. ఇస్త్రీపెట్టె ఎత్తుతుంది, దించుతుంది, వీధిలోకి వెళ్లి వస్తుంది. మడిచిన చీరనే మళ్లీ విప్పి మడుస్తుంది.

"వదినా, ఆ చొక్కా నీకేం అన్యాయం చేసింది? కాలరు మాడిపోతోంది చూడు!" అంది ఆడపడుచు.

"సోడా అని చెప్పింది నేనే కదే."

"నువ్వు గుడ్డకు చెప్పావు. దేవుడి మొహానికి చెప్పావా? ఆ తాతకైనా నోరు పెగల్లేదేం?"

"బ్రష్షు మెత్తగా ఉండాలని కూడా నేనే చెప్పాను" అని ఆమె మళ్లీ బయటికి నడిచింది. తప్పు తనదో కాదో తేల్చుకోలేక, చర్చి దాకా వెళ్లి, తలుపు ముట్టుకొని, తిరిగి వచ్చింది. ఆ వారంలో అలా నాలుగుసార్లు.

చివరికి కమిటీ ఉపాధ్యక్షుడి ముందు నిలబడింది. చిత్రాన్ని అప్పటికే దించి సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు.

"ఏం దిగులు పడకమ్మా. బోర్డులు రాసే పెయింటరును పిలిచాం. శనివారానికల్లా కొత్త ముఖం వేసేస్తాడు, పాతదాని కంటే బ్రహ్మాండంగా!"

"వద్దయ్యగారూ."

"వద్దా? ఖాళీ గుడ్డను పెట్టుకుని ఏం చేస్తావు, ఇస్త్రీ చేస్తావా?" పక్కనున్న మిగతా పెద్దలిద్దరూ ఘొల్లుమన్నారు.

ఆమె నవ్వలేదు. "పాతది నాకు గుర్తుందండీ. ఎడమ కన్ను కొంచెం కిందికి ఉండేది. ఖాళీగా ఉంటే ఆ చోట దాన్ని తెచ్చుకోగలను. కొత్తది పెడితే అది నా కళ్లలో కూర్చుంటుంది. పాతది నాకూ పోతుంది."

"చదువు లేకపోతే ఇలాంటి చాదస్తాలే" అని ఆయన లేచిపోయాడు. నలభై మూడో పుట ఆ సాయంత్రమే నిండింది.

ఇప్పుడు ఆమె సామాన్ల గది కిటికీ దగ్గరికి వెళ్లి, అద్దానికి నుదురు ఆనించి లోపలికి చూస్తోంది. చిత్రం గోడవైపు తిప్పి ఉంది. చట్రం వెనుకభాగం తప్ప ఏమీ కనిపించదు. అయినా కదలదు, కదిలినా మళ్లీ వస్తుంది. ఆఖరి వారం దగ్గరపడింది. ఏడాది పొడవునా ఆమె దాచుకున్న చూపు ఎక్కడ నిలవాలో తెలియక తిరుగుతోంది.

కమిటీ పెద్దలారా, మీరు రాసిన అబద్ధాన్ని మీ చేతులతోనే కొట్టివేసి, పక్కన మళ్లీ సంతకాలు పెట్టండి. పెయింటరును శనివారం గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపండి. ఆరో చిత్రాన్ని, ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క చుక్క రంగైనా తగలనీయకుండా, ఐదో చిత్రానికీ ఏడో చిత్రానికీ మధ్య దాని చోట తగిలించండి. తగిలించి, మీరు ముగ్గురూ పక్కకు తప్పుకోండి. ఆమెను చూడనివ్వండి.